బాగుంది అని చెప్పే గది

నరసరావుపేట,
శుక్రవారం.

నా ఫోన్ ఎత్తడం మానేసిన నాన్నకు,

వెన్నెల రాస్తున్నది. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తినా "పొలంలో ఉన్నా, తర్వాత చెయ్యి" అని పెట్టేస్తావు. వాట్సాప్‌లో వాయిస్ పెడితే వినవు. కాగితమైతే చింపి పారేయడానికైనా చేతిలోకి తీసుకోవాలి కదా! తీసుకున్నాక నువ్వు చదవకుండా ఉండలేవు. పకోడీలు కట్టిచ్చిన పేపరు ముక్క కూడా విప్పి చదివే మనిషివి. కాబట్టి కోపం కాసేపు పక్కన పెట్టి కూర్చుని చదువు. అమ్మకు తర్వాత ఇద్దువుగాని.

సుధీర్ బాబుతో పెళ్ళి వద్దని నేను అమ్మతో అన్నాను. దానికి నీకు కోపం వచ్చింది. "ప్రధానం అయిపోయి ఉంగరం వేలికెక్కినాక ఇప్పుడు వద్దంటే ఊళ్ళో తల ఎట్టా ఎత్తుకోను? కారణం చెప్పమను, కారణం!" అని నువ్వు అరిచిన అరుపు అమ్మ ఫోన్లోంచి నాకు వినపడింది. సరే, కారణం చెప్తున్నాను. అయితే మొదలుపెట్టాల్సింది సుధీర్ దగ్గర కాదు, గఫార్ మామ దగ్గర.

ఎడ్లపాడు రోడ్డులో చంద్రమౌళి గారి కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర, అంతమంది రైతుల ముందు, నువ్వు అబ్దుల్ గఫార్ మామను చెంప మీద కొట్టావు. మన వీధి మనిషిని. ఊళ్ళో ఉన్నప్పుడల్లా సాయంత్రం మన అరుగు మీద కూర్చుని నీతో పేపరు చెరి సగం పంచుకునే మనిషిని. ఆయన అక్కడ మిషన్ ఆపరేటర్‌గా ఉన్నాడన్న ధైర్యంతోనే కదా నువ్వు అంత దూరం మిరపకాయలు తోలింది! రెండో గదిలో మిషన్ ఆగిపోయి, చలి పోయి, కాయ నింపిన టిక్కీలన్నీ చెమర్చి బూజు పట్టాయి. తలుపు తీసేసరికి ఏడాది కష్టమంతా పాడైంది. నీ కడుపుమంట నాకు తెలియనిది కాదు. నారు పోసిన దగ్గర్నుంచి కోతలదాకా ఆ చేలో నేనూ నడిచినదాన్నే. కానీ "మిషన్ ఆగినా తెలవకుండా నిద్రపోయాడు వీడు" అని చంద్రమౌళి గారు అనగానే నువ్వు వెనకాముందూ చూడలేదు. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకున్నావు. ఎవరో వీడియో తీస్తే అది పల్నాడంతా తిరిగింది. మా ఆఫీసులోనూ చూశారు. అందులో గఫార్ మామ చెంప పట్టుకుని నీ వంక చూస్తాడు. అక్కడికి వచ్చేసరికి నేను ఫోన్ బోర్లా పెట్టేశాను.

గఫార్ మామ నిద్రపోలేదు నాన్నా. ఆయన ఫోన్ చూస్తూనే ఉన్నాడు. ఆ ఫోన్లో రెండో గది పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతూనే ఉంది. ఆ చుక్క వెలిగించే వెబ్‌సైటు మా ఆఫీసులో తయారైంది. నేనూ సుధీర్ కలిసి రాశాం.

నా పని ఏమిటో నీకు ఏనాడూ సరిగ్గా చెప్పలేదు. "మా అమ్మాయి కంప్యూటర్లో ఏందో కొడతది" అని నువ్వు నలుగురిలో గొప్పగా చెప్పుకుంటుంటే ముచ్చటపడి ఊరుకున్నాను. ఇప్పుడు చెప్తా, విను. కోల్డ్ స్టోరేజీలో గదులన్నీ ఒక రకం కాదు. ఒకదానికి కొత్త మిషన్, ఇంకోదానికి ఎప్పటిదో పాత మిషన్. ఏ గదికి తగిన కోడ్ ఆ గదికి విడిగా రాయాల్సిందే. వెబ్‌సైటు మాత్రం అన్ని గదులనూ ఒకే తీరున పలకరించాలి. అందుకని ముందు నేను కొన్ని షరతులు రాసిపెట్టాను. దాన్ని మేము ఇంటర్‌ఫేస్ అంటాం. అందులో పని ఉండదు, షరతులే ఉంటాయి. గది అని చెప్పుకునే ప్రతిదీ, బాగున్నావా అని అడిగితే లోపలి చలి చూసుకుని జవాబు చెప్పాలి, బాగా లేకపోతే ఆపరేటర్ ఫోన్ మోగించాలి అని రాశాను. ఎట్లా చూస్తుంది, ఎట్లా మోగిస్తుంది అన్నది ఆ గది కోడ్ రాసేవాళ్ళ బాధ్యత.

ఇంకొకటి కూడా రాశాను. దాని పేరు అబ్‌స్ట్రాక్ట్ క్లాస్. కోటప్పకొండ తిరనాళ్ళకు ప్రభ కట్టేటప్పుడు ముందు కర్రలతో చట్రం నిలబెడతారు చూడు, అట్లాంటిది. ఉత్త చట్రాన్ని ఎవరూ కొండకు తోలుకుపోరు. దాని మీద ఎవరి ప్రభ వాళ్ళు కట్టుకోవాలి. రైతు పేరు, ఎన్ని టిక్కీలు, ఎప్పుడు పెట్టారు, ఇవన్నీ చూపించే ఉమ్మడి పని నా చట్రంలోనే ఉంది. గదిని తనిఖీ చేసే చోటు మాత్రం కావాలనే ఖాళీగా వదిలాను, అది ఏ గదికి ఆ గదే చెప్పాలి కాబట్టి. ఆ ఖాళీ పూరించకపోతే కంప్యూటర్ ఒప్పుకోదు. వెబ్‌సైటే తెరుచుకోదు.

మోసమంతా ఇక్కడే జరిగింది. కంప్యూటర్ చూసేది ఆ పని పేరు అక్కడ ఉందా లేదా అని మాత్రమే. పేరు కింద పని నిజంగా జరుగుతోందా అన్నది దానికి పట్టదు. అది మనుషులు చూసుకోవాలి.

రెండో గది సుధీర్ వంతుకు వచ్చింది. ఆ పాత మిషన్‌కు తగిలించాల్సిన, చలి చూసి చెప్పే పరికరం ఎంతకీ రాలేదు. ప్రారంభోత్సవం నెత్తి మీదికి వచ్చింది. అప్పుడు సుధీర్ ఏం చేశాడో తెలుసా? తనిఖీ అని పేరు పెట్టి, దాని కింద ఒకే ఒక్క జవాబు రాసి పెట్టాడు. బాగుంది. అంతే. లోపలికి తొంగి చూసేది లేదు, చలి కొలిచేది లేదు. ఎప్పుడడిగినా బాగుంది. దాని పైన తన గుర్తు కోసం "తర్వాత చూద్దాం" అని రాసుకున్నాడు. కంప్యూటర్ నోరు మూసుకుంది. పచ్చ చుక్క వెలిగింది. రిబ్బను కత్తిరించి లడ్లు పంచారు. ఇక అంతా కంప్యూటరే చూసుకుంటుందని చంద్రమౌళి గారు రెండో ఆపరేటర్‌ను మాన్పించేశారు. రోడ్డుకు అటొకటి ఇటొకటి ఉన్న గదులు రెండూ గఫార్ మామ ఒక్కడి మీదే పడ్డాయి. ఒక గది దగ్గర ఉంటే ఇంకో గది సంగతి ఫోన్లో చూసుకోవాల్సిందే. లోపల మన కాయ కుళ్ళుతుంటే గది మాత్రం బాగుంది, బాగుంది అంటూనే ఉంది.

ఆ మాట రాసింది సుధీర్. దెబ్బ తిన్నది గఫార్ మామ. కొట్టింది నువ్వు. ముగ్గురూ నావాళ్ళే. నేను ఎవరి దగ్గరికి పోయి ఏడవాలో చెప్పు.

నాన్నా, సుధీర్ అంటే నాకు ఇష్టం. అదే నా ఏడుపు. సంబంధం తెచ్చింది నువ్వే అయినా, సరేనన్నది నేను మనస్ఫూర్తిగానే. కోడ్‌లో తప్పు చేశాడని పెళ్ళి వద్దనడం లేదు. తప్పులు నేనూ చేస్తాను. ఒక మనిషి తన మూలాన చెంపదెబ్బ తిని ఉద్యోగం పోగొట్టుకుని ఇంట్లో కూర్చుంటే, నోరు విప్పకుండా పెళ్ళి బట్టలు కొనుక్కుంటున్నాడు చూడు, అందుకు వద్దంటున్నాను.

ఎల్లుండి ఆదివారం పూజలో ఫాదర్ ఫ్రాన్సిస్ గారు మా పెళ్ళి చాటింపు మొదలుపెడతారు. వరసగా మూడు ఆదివారాలు చదువుతారు. అది ఆపించు. గఫార్ మామ ఇంటికి వెళ్ళు. మనకు నాలుగిళ్ళ అవతలే కదా. ఇంతకంటే నిన్ను ఏమీ అడగను.

నీ కూతురు,
వెన్నెల


నరసరావుపేట,
సోమవారం.

ఉత్తరం జేబులో పెట్టుకుని చర్చికి వెళ్ళిన నాన్నకు,

అమ్మ ఫోన్ చేసింది. "ఏమే, మీ నాన్న నీ ఉత్తరం చదివి, మళ్ళా మొదటికొచ్చి చదివి, చొక్కా జేబులో పెట్టుకున్నాడే" అంది. ఆ చొక్కాతోనే ముందు బల్ల మీద కూర్చున్నావట. ఫాదర్ గారు నా పేరూ సుధీర్ పేరూ చదివి, ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయమని అడిగారట. ఆడవాళ్ళ వైపు అంచున కూర్చున్న అమ్మ లేవబోతే, నడవ మీదుగా చెయ్యి చాచి లాగి కూర్చోబెట్టావట. ఇంత పని చేస్తావనుకోలేదు నాన్నా.

గఫార్ మామ ఇంటికీ పోలేదు. నేను ఫోన్ చేస్తే మస్తాన్‌బీ అత్త ఎత్తింది. మామ ఎట్లా ఉన్నాడని అడిగితే "అన్నం తింటన్నాడమ్మా, మాట్టాడటమే లేదు. బయటికి పోతే పిల్లకాయలు కూడా వీడియో, వీడియో అంటన్నారంట" అంది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

సుధీర్‌తో మాట్లాడకుండానే నిర్ణయం తీసుకున్నానని నువ్వు అనుకోవచ్చు. మాట్లాడాను. బస్టాండు ఎదురుగా టీ కొట్టు దగ్గరికి పిలిచి, రెండో గది కోడ్ చూశానని చెప్పాను. అతను టీ గ్లాసు కూడా కింద పెట్టలేదు.

"ఏందే వెన్నెలా, అంత ఇదిగా చూస్తావు! పరికరం రాకపోతే నన్నేం చెయ్యమంటావు? ప్రారంభం నాడు సైటు తెరుచుకోవాలా వద్దా? అందరూ అట్టానే రాస్తారు, తర్వాత మార్చుకుంటారు."

"నువ్వు మార్చావా?"

"మధుబాబు సారు ఇంకో పని మీదేశాడు. మర్చిపోయా."

"మరి గఫార్ మామ తిన్న దెబ్బ?"

"కొట్టింది మీ నాన్న. నేను కాదుగా."

నాన్నా, ఈ మాటకు జవాబు నీ దగ్గర ఉంటే చెప్పు.

ఇంకొక సంగతి నీకు మొన్న రాయలేదు. రాయడానికి చెయ్యి రాలేదు. ఆ వీడియో ఆఫీసులో చూసిన రోజు సుధీర్ నా పక్కనే ఉన్నాడు. నేను ఏడుస్తుంటే నీళ్ళ సీసా మూత తీసి అందించాడు. "మీ నాన్నకు బీపీ పెరిగిద్ది, ఎవురన్నా పక్కన ఉంటే బాగుండేది" అన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాను, సిగ్గు లేకుండా! టీ కొట్టు దగ్గర అడిగాను, నీ కోడ్ వల్లే ఇదంతా జరిగిందని నీకు ఎప్పుడు తెలిసింది అని. "మిషన్ ఆగిందనగానే అర్థమైందిలే" అన్నాడు. అంటే వీడియో చూసేటప్పటికే తెలుసు. తెలిసే నాకు నీళ్ళు అందించాడు. నేను ఆ నీళ్ళు తాగాను.

వెళ్ళి చంద్రమౌళి గారికి నిజం చెప్తావా అని అడిగాను. "సరే, చెప్తా" అన్నాడు వెంటనే. ఎప్పుడు అన్నాను. "ముందు పెళ్ళి కానీ. తర్వాత చూద్దాం." కోడ్‌లో రాసుకున్న మాటే నాకూ చెప్పాడు. ఆ మాట వినగానే లేచి వచ్చేశాను.

మా ఓనరు మధుబాబు గారి దగ్గరికీ వెళ్ళాను. "అమ్మాయ్, గఫార్ నిద్రపోయాడని చంద్రమౌళి గారే అంటంటే మధ్యలో మనకేంది? తవ్వితే మన మెడకే చుట్టుకుంటది" అన్నాడు. నేనే కోడ్ ఫోటో తీసి చంద్రమౌళి గారికి పంపాను. "ఇంగ్లీషులో ఏందో ఉంది, మీ సారుతో మాట్లాడతాలే" అన్నారు. మాట్లాడే ఉంటారు. ఇద్దరూ చల్లగా ఊరుకున్నారు. రెండో ఆపరేటర్‌ను మాన్పించింది తనే అని బయటికి రావడం ఆయనకు మాత్రం ఇష్టమా? తిలా పాపం తలా పిడికెడు. గఫార్ మామకు మాత్రం పిడికెడు కాదు, మొత్తం పాపం ఆయన నెత్తినే వేశారు. నేను ఉద్యోగం మానేశాను.

ఇప్పుడు నీ సంగతి. ఫాదర్ గారి ప్రశ్నకు ఏనాడూ ఎవరూ లేవలేదు కాబట్టి అది ఉత్త ఆనవాయితీ అనుకుంటున్నాం. ఆయన అడుగుతారు, అందరూ ఊరుకుంటారు, బాగుంది అన్నట్టు. ఆ చర్చి మొత్తంలో నా లోపల ఏముందో తెలిసినవాళ్ళు మీ ఇద్దరే. లేవబోయిన అమ్మను లాగి కూర్చోబెట్టి, నా ఉత్తరం గుండెల మీద పెట్టుకుని నువ్వు బాగుంది అన్నావు. సుధీర్‌కూ నీకూ తేడా ఏంది నాన్నా?

నువ్వు ఏమీ చెయ్యనక్కర్లేదు. మూడో ఆదివారం నేనే వస్తున్నాను. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చుంటాను. ఫాదర్ గారు అడగగానే లేచి, నా పెళ్ళికి అభ్యంతరం నాకే ఉందని చెప్తాను. నవ్వేవాళ్ళు నవ్వుకోనీ. ఉంగరం అక్కడే ఆయన చేతిలో పెడతాను. ఆ తర్వాత నీ ఇంటికి రమ్మంటే వస్తాను, వద్దంటే వచ్చిన బస్సే ఎక్కుతాను.

వెన్నెల


శావల్యాపురం,
మంగళవారం.

అమ్మా వెన్నెలా,

నాకు ఉత్తరం రాయడం చేతకాదు. బడి మానినాక పెన్ను పట్టింది బ్యాంకులో సంతకాలకే. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నీ ఇంటర్‌ఫేసు, ఆ రెండోది పేరు నోరు తిరగడం లేదు, అవి నాకు సగమే అర్థమయినాయి. "తేడా ఏంది నాన్నా" అన్నావే, అది మాత్రం పూర్తిగా అర్థమైంది. ఆ రోజు నుంచి అన్నం సహించలేదు. మీ అమ్మ నాతో మాట్లాడటం మానేసి, నాకు వినపడేటట్టు కోళ్ళతో మాట్లాడింది.

నువ్వు మూడో ఆదివారం చర్చికి రావక్కర్లేదు. రెండో ఆదివారమే ఆ పని అయిపోయింది. ఫాదర్ గారు ఎప్పట్లాగే మీ పేర్లు చదివారు, అభ్యంతరం ఉందా అని అడిగారు, జవాబు కోసం ఆగకుండా ఇంకో జంట పేరు ఎత్తుకున్నారు. నేను లేచి "నాకుంది ఫాదర్" అన్నాను. ఆయనకు వినపడలేదు. మళ్ళీ గట్టిగా అన్నాను. చర్చి అంతా నా వైపు తిరిగింది.

"ఏం అభ్యంతరం శౌరీ? పిల్ల నీ పిల్లేగా" అన్నారు ఆయన.

"పిల్లకు ఇష్టం లేదు ఫాదర్. ఆ సంగతి నాకు పోయిన వారమే తెలుసు. తెలిసి కూడా కూర్చున్నా" అన్నాను. మీ అమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి వచ్చి నా పక్కన నిలబడింది. సుధీర్ మేనమామ వెనక నుంచి "మా పరువు తీశావు గదయ్యా" అన్నాడు. తీశాను. నా పరువు కూడా తీసుకున్నాను. ఉంగరం నువ్వు పంపు, వాళ్ళ ఇంటికి నేనే తీసుకుపోయి ఇస్తాను. ఆ పని నీకెందుకు.

అట్టనుంచి అటే గఫార్ ఇంటికి పోయినాను. నాలుగిళ్ళ దూరం అన్నావు. ఇన్ని రోజులు ఆ ఇంటి ముందు నుంచి పోలేక పొలానికి చుట్టు తిరిగి పోతున్నానని నీకు తెలియదు. మస్తాన్‌బీ కుర్చీ వేసింది. గఫార్ బయటికి వచ్చి నిలబడ్డాడు. చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసుకున్నాడు.

"పెద్దాయనా, నా ఇంట్లో నాకు చెప్పేదేంది? నేను నిద్రపోలేదని నాకు తెలవదా? గేటు కాడ కొట్టినావు, గేటు కాడ చెప్పు" అన్నాడు.

న్యాయమే కదా. నిన్న ఇద్దరం బస్సెక్కినాం. నేను రెండు టిక్కెట్లు అడిగితే "నాది నేను తీసుకుంటా" అని విడిగా తీసుకున్నాడు. కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర కాయ తీసుకుపోయే రైతులు చానామంది ఉన్నారు. ఆ రోజు వీడియో తీసిన కుర్రాడు కూడా కనపడ్డాడు. "ఒరేయ్, ఇది కూడా తియ్యరా" అన్నాను. అందరూ వినేటట్టు చెప్పాను. ఈయన నిద్రపోలేదు, కంప్యూటర్లో తప్పు రాసి పెట్టారు, రాసింది మా అల్లుడు కాబోయినవాడు, రెండో మనిషిని మాన్పించింది ఈ ఓనరు, ఏమీ తెలుసుకోకుండా కొట్టింది నేను అని. ఆ కుర్రాడు ఫోన్ అయితే పైకెత్తి పట్టుకున్నాడు. ఇంతవరకూ ఎవరి ఫోన్లోకీ ఆ వీడియో రాలేదు. కొట్టింది మాత్రం ఇంకా తిరుగుతానే ఉందంట.

చంద్రమౌళి గారు బయటికి వచ్చి, నా మొహం చూడకుండా, "రేపట్నుంచి డ్యూటీకి రా గఫారూ" అన్నాడు. "వద్దు సార్" అన్నాడు గఫార్. మన కాయ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. దానికి వేరే రోజు పోతాను.

అప్పుడు గఫార్ వైపు తిరిగి, "మనసులో పెట్టుకోమాకయ్యా" అన్నాను.

"సరే పెద్దాయనా" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. తిరుగు బస్సులో పక్కన చోటు ఉంచాను. వచ్చి నా వెనక సీట్లో కూర్చున్నాడు. ఊళ్ళో దిగినాక సాయంత్రం పేపరు చెరి సగం చేసి, అతని సగం అరుగు మీద పెట్టి, ఎగిరిపోకుండా పైన రాయి పెట్టి కూర్చున్నాను. గఫార్ తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. నన్నూ చూశాడు, పేపరూ చూశాడు. చెప్పులేసుకుని ఇటు రాకుండా అటు పోయాడు.

సరే అన్నాడే అమ్మా, దాని లోపల ఏముందో నాకు తెలియదు. నువ్వు చెప్పిన ఆ గది జవాబు లాంటిదేనేమో. అయినా తలుపు తీసి చూపించమని అడిగే హక్కు నాకు లేదు. ఇవాళ కూడా పేపరు సగం చేసి అక్కడ పెట్టాను. రేపూ పెడతాను.

నువ్వు ఇంటికి రా.

నాన్న,
బాలశౌరి